ఆరోగ్యవరం నుంచి పుత్తూరు దాకా: హెచ్‌.ఐ.వి. పునరావాస సంరక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హెచ్‌.ఐ.వి.తో జీవిస్తున్నవారి సంరక్షణ చరిత్రను సాధారణంగా మందుల చరిత్రగానే రాయడం జరుగుతున్నది. దక్షిణ రాయలసీమలోని పుత్తూరు పరిసరాలను కేంద్రంగా తీసుకొని, అదే చరిత్రను పునరావాసం వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతం చుట్టూ క్షయ, కుష్ఠు వ్యాధుల పునరావాసానికి దేశంలోనే తొలి ప్రయోగశాలలనదగిన సంస్థలు ఏర్పడ్డాయి. క్షయ విషయంలో 1950ల చివర, హెచ్‌.ఐ.వి. విషయంలో 2013 ప్రాంతంలో, సంస్థలోని పడక తొలగి సంరక్షణ ఇంటికి చేరింది. మొదటి వ్యాధి చికిత్సకు ఒక గడువు ఉంది. రెండవదానికి లేదు. ఈ భేదాన్ని విధానకర్తలు తగినంతగా లెక్కలోకి తీసుకోలేదన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

కీలకపదాలు: పుత్తూరు, హెచ్‌.ఐ.వి., పునరావాసం, ఆరోగ్యవరం, తాంబరం, ఏ.ఆర్‌.టి., గృహ సంరక్షణ, పింఛను.

1. ఉపోద్ఘాతం

పుత్తూరు పేరు వినగానే తెలుగువారికీ తమిళులకూ స్ఫురించేది ఎముకల కట్టు. 19వ శతాబ్ది చివరి పాదంలో కేశవరాజు మొదలుపెట్టిన ఈ వైద్యం ఆ కుటుంబంలో తరతరాలుగా సాగుతూ, ఊరి పేరునే వైద్యం పేరుగా మార్చివేసింది. ఆకుపసరు, వెదురుబద్దలు, గుడ్డ – ఇంతే సామగ్రి. కట్టు కట్టించుకున్న మనిషి సాధారణంగా ఆసుపత్రి పడక ఎక్కడు, ఇంటికి పోతాడు. ఆ తర్వాత అతనికి అన్నం కలిపి పెట్టడం, లేపి కూర్చోబెట్టడం, మళ్ళీ కట్టు మార్పించడానికి తీసుకొని రావడం ఇంటివారి పని. ఈ పద్ధతిలో వైద్యుని భాగం ఒక గంట, ఇంటి భాగం కొన్ని వారాలు. అయినా ఇంటికి అది మోయలేని బరువు కాదు. అందుకు కారణాలు రెండు. ఎముక అతుక్కునే నాటికి ఆ పని అయిపోతుంది. రెండవది, కట్టు అందరికీ కనబడుతుంది. కట్టుతో బస్సెక్కిన మనిషికి పక్కవాడు లేచి చోటిస్తాడు.

ఈ రెండు కారణాలూ లేని రోగానికి ఇల్లే ఆసుపత్రి అయినప్పుడు ఏం జరుగుతుందన్నది హెచ్‌.ఐ.వి. చరిత్ర వేసే ప్రశ్న.

ముందుగా ‘పునరావాసం’ అన్న మాటను గురించి కొంత చెప్పవలసి ఉంది. ఆంగ్లంలో ఇందుకు సమానంగా వాడే పదంలో పోయిన సామర్థ్యాన్ని తిరిగి సంపాదించడమన్న అర్థం ప్రధానం. తెలుగు పదంలో ఉన్నది ‘ఆవాసం’, అంటే ఉండే చోటు. ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళ సందర్భంలో తెలుగు పాఠకులకు ఈ మాట బాగా అలవాటయింది. శ్రీశైలం, సోమశిల ముంపు గ్రామాల చరిత్రలో పునరావాసమంటే మరొకచోట ఇల్లు, భూమి. వైద్యంలో ఈ మాటను వాడినప్పుడు పండితులు కొందరు ఇది సరైన అనువాదం కాదని భావించవచ్చు. కాని హెచ్‌.ఐ.వి. విషయంలో ఈ ‘తప్పు’ అనువాదమే సత్యానికి దగ్గరగా ఉంది. వ్యాధి బయటపడిన మనిషికి, ముఖ్యంగా భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి, మొదట ఎదురయ్యే ప్రశ్న ‘ఏ పని చేయగలను’ అన్నది కాదు, ‘ఎక్కడ ఉండాలి’ అన్నది.

పుత్తూరును కేంద్రంగా తీసుకోవడానికి భౌగోళిక కారణం కూడా ఉంది. 1911లో ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కొంత, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరచారు. 1960లో సరిహద్దుల సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళగా, పుత్తూరు ఆంధ్రలో మిగిలింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అది తిరుపతి జిల్లాలో చేరింది. పాలనా కేంద్రాలు ఎన్ని మారినా రేణిగుంట – అరక్కోణం రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరి వైద్యయాత్రలు మూడు దిక్కులకే సాగాయి: తిరుపతి, వేలూరు, చెన్నై. హెచ్‌.ఐ.వి. చరిత్రలో మూడింటికీ చోటుంది.

2. పూర్వరంగం: ఆరోగ్యవరం, వేలూరు

నాటి చిత్తూరు జిల్లాలో దీర్ఘకాల వ్యాధి సంరక్షణ ఒక సంస్థారూపం దాల్చింది మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో. అనేక క్రైస్తవ మిషన్‌లు కలిసి నెలకొల్పిన క్షయ శానిటోరియం 1915లో అక్కడ స్థిరపడింది. డెన్మార్క్‌ దేశస్థుడైన డాక్టర్‌ క్రిస్టియన్‌ ఫ్రిమోట్‌ మోలర్‌ దాని తొలి పర్యవేక్షకుడు. మందులు లేని కాలంలో శానిటోరియం ఇవ్వగలిగినవి విశ్రాంతి, మంచి గాలి, పాలు, గుడ్లు, క్రమశిక్షణ. కొందరికి శస్త్రచికిత్స. ఆరోగ్యవరం ఇంతటితో ఆగకుండా, జబ్బు నెమ్మదించిన వారికోసం అనంతర సంరక్షణ నివాసాలను కూడా ఏర్పాటు చేసింది. ఇంగ్లండులో మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెలసిన పాప్‌వర్త్‌ నివాసగ్రామం ఇటువంటి ఆలోచనకు పేరుపొందిన నమూనా. రోగి పూర్వపు పనికి వెంటనే తిరిగిపోతే జబ్బు తిరగబెడుతుంది. పనే లేకుండా కూర్చుంటే మనసు చెడుతుంది. అందువల్ల తేలికైన పని, పక్కనే వైద్యుడు, తనవంటి రోగుల నడుమ ఒక ఇల్లు ఉండాలన్నది ఈ ఆలోచన సారం.

ఈ నమూనాలో ఉదారత ఎంత ఉందో, వేరుచేయడం కూడా అంతే ఉంది. శానిటోరియం ఊరికి దూరంగా ఉండేది. కోలుకొన్నవాడు కూడా ఊరికి కాక, శానిటోరియం పక్కనున్న ఇంటికే ‘తిరిగి’ వచ్చేవాడు. ఆవాసం దొరికింది గాని అది పూర్వపు ఆవాసం కాదు.

వేలూరులో ఇదే సమస్య మరొక రూపంలో ఎదురయింది. 1940ల చివర క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్‌ పాల్‌ బ్రాండ్‌ కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతులకు పునర్నిర్మాణ శస్త్రచికిత్సలు ప్రారంభించాడు. వైద్యపరంగా అవి విజయాలే. కాని బాగుపడిన చేతులతో బయటికి వెళ్ళిన కొందరికి బతుకు మరింత కష్టమయింది. చేయి వంకరగా ఉన్నప్పుడు దొరికిన భిక్ష, చేయి తిన్నబడ్డాక దొరకలేదు. కుష్ఠురోగి అన్న ముద్ర మాత్రం పోలేదు కాబట్టి పనీ దొరకలేదు. శస్త్రచికిత్స తర్వాత వృత్తి నేర్పే ‘నవజీవన’ కేంద్రాన్ని 1951లో నెలకొల్పడానికి ఈ అనుభవమే దారితీసింది. 1955లో కరిగిరి కేంద్రం వచ్చింది. చికిత్స పూర్తికావడమూ మనిషి బతుకులో నిలదొక్కుకోవడమూ ఒకటి కాదన్న పాఠం పుత్తూరుకు సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, హెచ్‌.ఐ.వి. రావడానికి 35 ఏళ్ళ ముందే, స్పష్టంగా తెలిసివచ్చింది.

శానిటోరియం యుగానికి తెర దించింది కూడా ఈ చుట్టుపక్కలనే జరిగిన ఒక పరిశోధన. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్‌ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో క్షయ రసాయనచికిత్సా కేంద్రాన్ని ప్రారంభించాయి. డాక్టర్‌ వాలెస్‌ ఫాక్స్‌ నేతృత్వంలో 193 మంది రోగులను రెండు భాగాలుగా చేసి, ఒకరికి శానిటోరియంలో, మరొకరికి ఇంటివద్ద అవే మందులను ఏడాదిపాటు ఇచ్చారు. ఇంటివద్ద ఉన్నవారు తక్కువ తిన్నారు, ఇరుకు గదులలో పడుకున్నారు, ఎక్కువ పని చేశారు. అయినా ఫలితాలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంట్లోని తక్కినవారికి అదనంగా ప్రమాదం కలగలేదని కూడా తేలింది. 1959లో వెలువడిన ఈ ఫలితాలు ప్రపంచమంతటా శానిటోరియాల అవసరాన్ని ప్రశ్నార్థకం చేశాయి.

ఈ పరిశోధన గొప్పతనాన్ని కాదనలేం. వేలాది పేదలకు చికిత్స అందుబాటులోకి వచ్చింది దానివల్లనే. కాని దానిని ఉదాహరించేవారు ఒక విషయాన్ని తరచుగా వదిలేస్తారు. ఆ 193 మంది మామూలు రోగుల వలె వదిలివేయబడలేదు. ఆరోగ్య సందర్శకులు వారి ఇళ్ళకు వెళ్ళారు, మందు తింటున్నారో లేదో పరీక్షించారు, రానివారిని వెతికి తెచ్చారు. ఇల్లు శానిటోరియంతో సమానమయింది, ఇంటి వెనుక ఒక సంస్థ నిలబడినందువల్ల. ‘ఇంటివద్ద చికిత్స చాలు’ అన్న నిర్ణయాన్ని మాత్రం అందరూ స్వీకరించి, ఆ సంస్థ సంగతిని మరచిపోయారు.

3. కాట్పాడి రైలు, తాంబరం పడక: 1986–2004

1986 ఫిబ్రవరిలో మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టర్‌ సెల్లప్పన్‌ నిర్మల, అక్కడి ప్రభుత్వ సంరక్షణాలయంలోని స్త్రీల నుంచి సేకరించిన రక్తపు నమూనాలను మంచుపెట్టెలో పెట్టుకొని రాత్రి రైలులో కాట్పాడికి ప్రయాణమయ్యింది. పరీక్ష చేసే సౌకర్యం వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఉంది. ఆమె పరిశోధనకు మార్గదర్శి డాక్టర్‌ సునీతి సాలమన్‌. వేలూరులో డాక్టర్‌ జాకబ్‌ జాన్‌ విభాగంలో జరిగిన పరీక్షలో ఆరు నమూనాలలో హెచ్‌.ఐ.వి. ఉన్నట్లు తేలింది. దేశంలో ఈ వైరస్‌ తొలిసారి బయటపడింది ఆ విధంగా. కాట్పాడి నుంచి చిత్తూరు మీదుగా పాకాలకు, అక్కడినుంచి తిరుపతికి వెళ్ళే రైలుమార్గం ఈ ప్రాంతపు రోగులకు ఎప్పటినుంచో వేలూరు బాట.

ఆ స్త్రీలకు తర్వాత ఏమైందన్నది వైద్యచరిత్రలో చాలా తక్కువగా కనిపిస్తుంది. వైరస్‌ను కనుగొన్న కథ అనేకసార్లు చెప్పబడింది. రక్తమిచ్చినవారి కథ కాదు. సంరక్షణ చరిత్రకారునికి ఈ ఖాళీ కూడా ఒక ఆధారమే: దేశంలో హెచ్‌.ఐ.వి. చరిత్ర నిఘాతో మొదలయింది, సంరక్షణతో కాదు. 1992లో ప్రారంభమైన జాతీయ ఎయిడ్స్‌ నియంత్రణ కార్యక్రమం తొలిదశ రక్త భద్రత, నిఘా, ప్రచారాలకే ప్రాధాన్యమిచ్చింది. ‘నియంత్రణ’ అన్న మాటలోనే రోగి కంటె రోగం ముందుంది.

మందులేని ఆ సంవత్సరాలలో పడక ఇచ్చిన ముఖ్య సంస్థ తాంబరంలోని ప్రభుత్వ వక్షవ్యాధుల వైద్యశాల. దాని పూర్వరూపం డాక్టర్‌ డేవిడ్‌ చౌరి ముత్తు 1928లో స్థాపించిన క్షయ శానిటోరియం. 1937లో ప్రభుత్వపరమయింది. చెన్నై శివారు రైలుమార్గంలో ఒక స్టేషను పేరే ఇప్పటికీ ‘తాంబరం శానిటోరియం’. క్షయరోగుల సంఖ్య తగ్గి ఖాళీ అయిన శానిటోరియంలోకి, క్షయతోనే మొదలయ్యే కొత్త జబ్బు రోగులు 1990లలో రాసాగారు. కొద్ది కాలంలోనే అది దేశంలో హెచ్‌.ఐ.వి. రోగులను అత్యధికంగా చేర్చుకొనే ఆసుపత్రులలో ఒకటయింది. ఆంధ్రప్రదేశ్‌ నుంచి వచ్చినవారు వారిలో గణనీయంగా ఉండేవారు. డాక్టర్‌ సి.ఎన్‌. దైవనాయగం పర్యవేక్షణలో సిద్ధవైద్య ఔషధాలను కూడా అక్కడ వాడారు. ఆ మందుల ఫలితంపై వైద్యలోకంలో ఏకాభిప్రాయం లేదు. అయినా రోగికి ‘నీకు మందు లేదు, వెళ్ళు’ అని కాక, ‘ఇది తీసుకో, మళ్ళీ నెల రా’ అని చెప్పిన చోటు అది. ఆ కాలంలో ఈ రెండు వాక్యాల మధ్య తేడా చిన్నది కాదు.

సరిహద్దు జిల్లాల వారికి తాంబరంలో మరొక సౌకర్యం ఉంది, దానిని వైద్య నివేదికలు సౌకర్యంగా గుర్తించవు. అది పరాయి ఊరు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఆసుపత్రి వరుసలో నిలబడితే తెలిసినవారు ఎదురుపడవచ్చు. తాంబరంలో ఎవరూ ఎదురుపడరు. భాష కొంత అర్థమవుతుంది, మనుషులు తెలియరు. దగ్గరి ఆసుపత్రిని వదిలి దూరపు ఆసుపత్రికి పోవడాన్ని అజ్ఞానంగా భావించే ధోరణి ఆరోగ్య పరిపాలనలో ఉంది. హెచ్‌.ఐ.వి. విషయంలో దూరం కూడా ఒక మందుగా పనిచేసింది.

ఈ దశలోనే చెన్నైలో రోగులు తామే సంఘాలుగా ఏర్పడ్డారు. హెచ్‌.ఐ.వి.తో జీవిస్తున్నవారి జాతీయ సమాఖ్య 1997లో, స్త్రీల సమాఖ్య 1998లో అక్కడ పుట్టాయి. తెలుగునాట కూడా ఇటువంటి సంఘాలు తర్వాత ఏర్పడ్డాయి. ‘ఎయిడ్స్‌ రోగి’, ‘బాధితుడు’ అన్న మాటల స్థానంలో ‘హెచ్‌.ఐ.వి.తో జీవిస్తున్న వ్యక్తి’ అన్న ప్రయోగం రావడం వీరి పుణ్యమే. వ్యాకరణం దృష్ట్యా ఆ సమాసం కొంత బరువైనదే. కాని అందులో క్రియ ‘జీవించడం’.

4. మాత్రలు, పడకలు: 2004–2013

2004 ఏప్రిల్‌ 1న కేంద్రప్రభుత్వం ఉచితంగా ఏ.ఆర్‌.టి. మందులు ఇవ్వడం ప్రారంభించింది. తొలి కేంద్రాలలో తాంబరం, హైదరాబాదు ఉన్నాయి. ఆ తర్వాతి విస్తరణలో తిరుపతి రుయా ఆసుపత్రికి కూడా కేంద్రం వచ్చింది. దీనితో పుత్తూరు రోగికి మందు దూరం 35 కిలోమీటర్లకు తగ్గింది. మొదట్లో సి.డి.4 కణాల సంఖ్య 200కు తగ్గినవారికో, జబ్బు ముదిరినవారికో మాత్రమే మందు. అంటే మనిషి బాగా చిక్కిపోయి, పని మానుకొని, ఉన్నదమ్ముకొన్న తర్వాతనే అర్హత వచ్చేది. ఈ హద్దును క్రమంగా పెంచుతూ, 2017లో వ్యాధి నిర్ధారణ అయిన అందరికీ చికిత్స అన్న విధానానికి వచ్చారు.

2007లో మొదలైన మూడవ దశ కార్యక్రమంలో సాముదాయిక సంరక్షణ కేంద్రాలకు ప్రాధాన్యం లభించింది. గ్లోబల్‌ ఫండ్‌ వంటి అంతర్జాతీయ నిధులతో, ఎక్కువగా స్వచ్ఛంద, ధార్మిక సంస్థల ద్వారా నడిచిన ఈ చిన్న కేంద్రాలు ఆసుపత్రీ కావు, ఇల్లూ కావు. మందు మొదలుపెట్టే రోగి అక్కడ కొద్ది రోజులు ఉండేవాడు. మాత్ర వేళకు వేసుకోవడం నేర్చుకొనేవాడు. వాంతులు, దద్దుర్లు వస్తే పక్కన నర్సు ఉండేది. అవకాశవాద అంటువ్యాధులకు చికిత్స, పౌష్టికాహారం, కుటుంబానికి సలహా – ఇవన్నీ అందులో భాగం. అన్నిటికన్న ముఖ్యంగా, తనవంటి మరొక మనిషిని రోగి ముఖాముఖిగా చూసేది అక్కడే. ఆరోగ్యవరపు ఆలోచన దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత, చిన్న రూపంలో తిరిగి వచ్చిందనవచ్చు. ఈసారి గడువు నెలలు కాదు, రోజులు.

తొలి మందులు ప్రాణం నిలిపాయి. వాటితోపాటు ఒక కొత్త వైకల్యాన్ని కూడా తెచ్చాయి. స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్‌ల కలయిక తొలినాళ్ళలో ఎక్కువగా వాడబడింది, చౌక కాబట్టి. స్టావుడిన్‌ను దీర్ఘకాలం వాడినవారిలో కొందరికి అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు వచ్చాయి. మరికొందరికి చెంపలలోని కొవ్వు కరిగి ముఖం లోపలికి పోయింది. పుత్తూరు, నారాయణవనం, నగరి పరిసరాలు నేతకు పేరుపొందినవి. మరమగ్గం దగ్గర రోజంతా నిలబడవలసిన కార్మికునికి అరికాళ్ళ మంట అంటే కూలి పోవడమే. ముఖం పీక్కుపోవడం ఇంకొక రకమైన నష్టం: దాచుకొన్న రహస్యాన్ని మందే ముఖం మీద రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఈ మందును క్రమంగా మానమని సూచించిన తర్వాత దేశంలోనూ దానిని తొలగించారు. కాని అప్పటికే దెబ్బతిన్న నరాలకు వ్యాయామచికిత్స గాని, వృత్తి మార్పుకు సహాయం గాని కార్యక్రమంలో భాగం కాలేదు. ఏ.ఆర్‌.టి. కేంద్రం లెక్కపుస్తకంలో గడులు సజీవులు, మృతులు, మందు మానినవారు, బదిలీ అయినవారు అన్న తరహావి. ‘బతికి ఉన్నాడు, మగ్గం దగ్గర నిలబడలేడు’ అన్నదానికి గడి లేదు.

2013లో సాముదాయిక సంరక్షణ కేంద్రాల పథకం ముగిసింది. వాటి స్థానంలో ‘విహాన్‌’ పేరుతో సంరక్షణ, సహాయ కేంద్రాలు వచ్చాయి. వీటిలో పడకలు లేవు. సలహా, మందు మానినవారిని వెతికి తేవడం, ప్రభుత్వ పథకాలతో అనుసంధానం వీటి పని. రోగుల ఆయుర్దాయం పెరిగింది, పడకల అవసరం తగ్గింది, ఖర్చు ఎక్కువ అన్నవి ఈ మార్పుకు అనుకూలంగా చెప్పదగిన వాదాలు, మూడూ నిజమే. అయినా 1959 నాటి తర్కమే ఇక్కడ పునరావృతమయిందని గుర్తించాలి. ఇంటివద్ద సంరక్షణ సంస్థలోని సంరక్షణతో సమానమని క్షయ విషయంలో రుజువయింది, ఏడాది చికిత్సకు. ఏ.ఆర్‌.టి. జీవితాంతం.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. పొరుగున నాటి అనంతపురం జిల్లా బత్తలపల్లిలో రూరల్‌ డెవలప్‌మెంట్‌ ట్రస్టు ఆసుపత్రి హెచ్‌.ఐ.వి. రోగులకు పడకలతో కూడిన సేవను నడిపింది. అక్కడి రోగుల వివరాల ఆధారంగా విసెంటె ఫెర్రర్‌ పేరున సాగిన దీర్ఘకాలిక అధ్యయనం నుంచి అనేక పరిశోధన వ్యాసాలు వెలువడ్డాయి. రాయలసీమ గ్రామీణ రోగుల గురించి ఇంత వివరంగా మరెక్కడా నమోదు కాలేదనే చెప్పాలి. పడక ఉన్నచోటనే లెక్కా ఉంటుందన్నది దీనివల్ల తేలే ఉపఫలితం. ఇంటికి చేరిన సంరక్షణకు రికార్డు ఉండదు.

5. ఇంటి మీద పడిన బరువు

ఇల్లు అన్నప్పుడు ఎవరి ఇల్లు అన్న ప్రశ్న వస్తుంది. జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, హెచ్‌.ఐ.వి. ఉన్న వితంతువులలో దాదాపు 80 శాతం మందికి భర్త ఆస్తిలో వాటా నిరాకరించబడిందని తేలింది. అత్యధికులు అత్తింట ఉండడం లేదు. భర్త జబ్బుగా ఉన్నంతకాలం సేవ చేసినది ఆమె. అతను పోయాక ‘నీవల్లనే’ అన్న మాట పడినదీ ఆమె. చివరికి చేరేది పుట్టిల్లు.

పుట్టింటి సంరక్షణ సామాన్యంగా తల్లి చేతిమీద నడుస్తుంది. తల్లి వయసు పెరుగుతుంది, కూతురి మందు ఆగదు. అన్నదమ్ముల పెళ్ళిళ్ళయితే ఆ ఇంట్లో కూతురి స్థానం మారుతుంది. వంటింట్లోకి రావచ్చునా, ఏ పళ్ళెంలో తినాలి, పిల్లలను ఎత్తుకోవచ్చునా వంటి ప్రశ్నలను ఎవరూ గట్టిగా అడగరు. కాని వాటికి జవాబులు ఏర్పడిపోతాయి. తాకిడివల్ల, కలిసి తినడంవల్ల హెచ్‌.ఐ.వి. సోకదని రెండు దశాబ్దాలుగా గోడలమీద రాసి ఉంది. 2005లో రాష్ట్రప్రభుత్వం ‘ఆశ’ పేరుతో ఊరూరా ప్రచారం నడిపింది. సమాచారం చేరలేదనడం సరికాదు. చేరిన సమాచారం వేరు పళ్ళాన్ని తీసివేయలేకపోయింది. ఎంగిలి, మైల అన్న భావనలు వైరస్‌ కంటె ముందునుంచి ఆ వంటింట్లో ఉన్నవి.

ఇక్కడ పుత్తూరు కట్టుతో పోలిక మళ్ళీ ఉపయోగపడుతుంది. కట్టు కట్టిన ఇంటికి చుట్టాలు పరామర్శకు వస్తారు, పండ్లు తెస్తారు. ఊరు కొంత బరువు పంచుకొంటుంది. మాత్రల సీసా ఉన్న ఇంట్లో ఆ సీసాను బియ్యపు డబ్బాలోనో, బీరువాలో చీరల కిందనో దాచే పని కూడా సంరక్షణలో భాగమవుతుంది. చుట్టాలు వస్తే మాత్ర వేళ తప్పుతుంది. పెళ్ళికి వెళ్ళిన నాడు మాత్ర తప్పుతుంది. మందు మానడాన్ని వైద్య పరిభాషలో రోగి క్రమశిక్షణకు సంబంధించిన లోపంగా పరిగణిస్తారు. అందులో గణనీయమైన భాగం ఇంటి నిర్మాణానికి, గది లేకపోవడానికి సంబంధించినది.

ప్రయాణం సంగతి కూడా ఇటువంటిదే. ఏ.ఆర్‌.టి. కేంద్రానికి వెళ్ళే రోగులకు భారతీయ రైల్వే రెండవ తరగతి ఛార్జీలో 50 శాతం రాయితీ ఇస్తుంది. అందుకు ఆసుపత్రి ధ్రువపత్రాన్ని టికెట్‌ కౌంటరులో చూపాలి. కౌంటరు వెనుక కూర్చున్నవాడు, వరుసలో వెనుక నిలబడ్డవాడు పక్క వీధివాడు కావచ్చునన్న భయం ఉన్న చిన్న ఊరిలో ఆ సగం ఛార్జీ చాలా ఖరీదైనది.

6. పింఛను, చట్టం

ఆంధ్రప్రదేశ్‌లో ఏ.ఆర్‌.టి. తీసుకొంటున్నవారికి ప్రత్యేక పింఛను ఉండడం పునరావాస చరిత్రలో నిజంగా చెప్పుకోదగిన విషయం. మొదట నెలకు 200 రూపాయలుగా ఉన్నది 2014లో 1,000, 2019లో 2,000, తర్వాత 2,250, క్రమంగా 3,000 అయి, 2024 జూలై నుంచి 4,000 రూపాయలకు చేరింది. వయసు పరిమితి లేదు. కనీసం ఆరు నెలలుగా మందు వాడుతూ ఉండాలి. పుట్టింట్లో ఉన్న స్త్రీకి ఈ మొత్తం కేవలం ఆదాయం కాదు, ఆ ఇంట్లో ఉండడానికి ఒక విధమైన హక్కుపత్రం. తాను భారం కాననడానికి ఆమె చూపగలిగిన రుజువు. ఆరోగ్యవరం ఇచ్చినది చోటు. ఈ పింఛను ఇస్తున్నది చోటును నిలుపుకొనే శక్తి. పోల్చి చూస్తే రెండవది తక్కువదేమీ కాదు.

అయితే పింఛను పేరులోనే జబ్బు పేరుంది. 2020 ఫిబ్రవరి నుంచి పింఛన్లను ఇంటింటికి తెచ్చి ఇచ్చే పద్ధతి రాష్ట్రంలో మొదలయినప్పుడు వృద్ధులకు అది పెద్ద ఊరట. ఎవరికి ఏ పింఛను వస్తుందో ఊరంతటికీ తెలిసే పద్ధతిలో ఈ ఒక్క వర్గానికి మాత్రం అదే ఊరట అని చెప్పలేం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో హెచ్‌.ఐ.వి. లేదు. అందువల్ల అరికాళ్ళ మంటలతో మగ్గం వదిలినవాడు, మెదడు వాపు తర్వాత ఒకవైపు బలహీనపడినవాడు, ఇద్దరూ ఏ.ఆర్‌.టి. పింఛను వర్గంలోనే మొదట లెక్కకు వస్తారు. 2024 జూలైలో వికలాంగుల పింఛను 6,000 అయింది, ఏ.ఆర్‌.టి. పింఛను 4,000. రెండవవాడు వైకల్య ధ్రువపత్రం కోసం వేరే వైద్యమండలి ముందు నిలబడితే ఫలితం దక్కవచ్చు. మొదటివాని మంట కొలమానానికి అందదు. 2021 అంచనాల ప్రకారం రాష్ట్రంలో హెచ్‌.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 3.2 లక్షలు. మందుల వల్ల వారు వృద్ధాప్యానికి చేరుతున్నారు. సంరక్షకులైన తల్లులు వారికంటె ముందు చేరారు.

2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌.ఐ.వి., ఎయిడ్స్‌ చట్టం వివక్షను నిషేధించింది, సమ్మతి లేని పరీక్షను, రహస్యం వెల్లడించడాన్ని అడ్డుకొంది, ఉమ్మడి ఇంటిలో నివసించే హక్కును గుర్తించింది. ఈ చివరి అంశం ఈ వ్యాసంలోని చర్చకు అత్యంత సన్నిహితమైనది: చట్టం మొదటిసారిగా ఆవాసాన్ని గురించి మాట్లాడింది. చికిత్స విషయంలో మాత్రం ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాట చేర్చింది. బిల్లు దశలోనే రోగుల సంఘాలు ఆ మాటపై తీవ్రంగా అభ్యంతరం చెప్పాయి. అది అలాగే నిలిచింది.

అదే చట్టంలో మరొక నిబంధన ఉంది. దానిమీద చర్చ జరిగింది తక్కువ. హెచ్‌.ఐ.వి. వల్ల దెబ్బతిన్న కుటుంబంలో, 12 ఏళ్ళు నిండి 18 ఏళ్ళు నిండని పిల్లవాడు గాని పిల్ల గాని, తగిన పరిణతి ఉండి ఇంటి వ్యవహారాలు నడుపుతున్నట్లయితే, తన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ సంరక్షకునిగా వ్యవహరించవచ్చునని అది చెబుతుంది. బడిలో చేర్పించడానికి, చికిత్సకు, బ్యాంకు ఖాతా నడపడానికి, ఆస్తి చూసుకోవడానికి ఆ సంతకం చెల్లుతుంది. శాసనకర్తలు దయతోనే ఈ ఏర్పాటు చేశారు. అటువంటి ఇళ్ళు దేశంలో ఉన్నాయని వారికి తెలుసు. పడకలున్న కేంద్రాలు మూతపడిన ఐదేళ్ళకు, సంరక్షణ ఎవరి చేతికి చేరిందో చట్టం వయసుతో సహా నమోదు చేసింది.